నీలం డ్రెస్సు

"ఏయ్! నిన్నెవరు కూర్చోమన్నారు అక్కడ?"

స్టాఫ్ నర్సు అరిచిన అరుపుకి వార్డంతా ఉలిక్కిపడింది.

నీలం డ్రెస్సు సహాయ నర్సు ఏడో మంచం మీంచి గబుక్కున లేచింది. ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది. మంచం మీద మనిషికి స్పృహ లేదు.

"పెదాలు ఎండిపోయాయి సిస్టర్, కాస్త తడుపుదామని..."

"సిస్టరేంటి సిస్టరు? మేడం అను. ఏళ్ళ తరబడి చదివి, పరీక్ష పాసై, రిజిస్టరైన నర్సుని నేను. పడకలు సర్దే నువ్వూ నేనూ ఒకటేనా?"

"తప్పయింది మేడం."

తల్లి వయసుదన్న ఇంగితం కూడా లేదు స్టాఫ్ నర్సుకి. చేరి నెల తిరక్కుండానే వార్డుని గుప్పిట్లో పెట్టుకుంది. తెల్ల డ్రెస్సు నర్సుల పేర్లన్నీ నోటికొచ్చు. నీలం డ్రెస్సువాళ్ళు మాత్రం ఆమెకి "ఏయ్", "ఇదిగో", అంతే.

అలాగని చెడ్డ మనిషేం కాదు. ఏడో మంచం ఆయన్ని చూస్తే ఆమెకీ కడుపు తరుక్కుపోయేది. చూడ్డానికి నరమానవుడు రాడు.

"ఇవాళ గడవడం కష్టం" అన్నాడు డాక్టరు, ఆయన నాడి చూసి.

"పెళ్ళాం ఉందట సార్. ఉండి ఏం లాభం? ఆ మహాతల్లి కనబడితే ముఖం మీదే కడిగేస్తాను! దిక్కులేనివాడిలా ఒంటరిగా పోకూడదు సార్. నేనుంటాను పక్కన."

డాక్టరు వెళ్ళగానే నీలం డ్రెస్సు మనిషి దగ్గరికొచ్చింది.

"మేడం, ఈ ఒక్కపూట నన్నిక్కడ ఉండనివ్వండి. మిగతా పనంతా తర్వాత చేసేస్తాను. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఓహో, డ్యూటీలు ఇక నువ్వే వెయ్యి! పని తప్పించుకునే వేషాలు నా దగ్గరా? మాసిన దుప్పట్లన్నీ కిందికి మోసుకెళ్ళు. ఉతికి ఆరేదాకా పైకి రాకు."

ఆమె ఏడో మంచం వంక ఒకసారి చూసి, మూటలెత్తుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఆయన పోయాడు.

స్టాఫ్ నర్సు అన్న మాట నిలబెట్టుకుంది. చివరిదాకా ఆయన చెయ్యి వదల్లేదు. కళ్ళు తుడుచుకుని, కేసుషీట్లో ఉన్న భార్య నంబరుకి వార్డు ఫోన్నుంచి చేసింది. ఏమేం తిట్టాలో అన్నీ నాలుక చివర పెట్టుకుంది.

వెనకాల అరలో ఏదో ఫోను మోగింది. నీలం డ్రెస్సువాళ్ళు డ్యూటీ ఎక్కేముందు తమ ఫోన్లు పెట్టి వెళ్ళాల్సిన అర అది.

"ఛీ, ఇదొక గోల!" అని విసుక్కుంటూ ఫోను పెట్టేసింది. అరలో మోత ఆగింది.

మళ్ళీ నంబరు నొక్కింది. అరలో మళ్ళీ మోగింది.

రిసీవరు పక్కన పెట్టి అర తలుపు తీసింది. మోగుతున్న ఫోనులో కనబడుతున్నది ఈ వార్డు నంబరే.

"ఇది... ఇదెవరిది?" అని అడిగింది.

నేల తుడుస్తున్న ఇంకో నీలం డ్రెస్సు మనిషి తలెత్తింది.

"ఇందాక మీరు దుప్పట్లిచ్చి కిందికి తోలారే, ఆవిడదే మేడం. సొంతమనిషని తెలిస్తే వేరే వార్డుకి మార్చేస్తారని నోరు కుట్టేసుకుంది గానీ, ఏడో మంచం ఆయన పెళ్ళాం ఆవిడే."