అండీ క్లాసు

"గిది పట్టు గాదక్కా, గది పట్టు. జర ముట్టి సూడు."

ఆంధ్ర నుంచి వచ్చిన తోటి సేల్స్‌మన్ శ్రీకర్ గొంతు మార్చి అనగానే క్లాసంతా గొల్లుమంది. అచ్చం సాయినాథే. మాటమాటకీ తల ఊపడం కూడా అతనిదే.

పక్కనే నిలబడ్డ సాయినాథ్ మొహం మాడిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ క్లాసు మేడ కిందున్న చీరల షాపులో ఇన్నేళ్లూ ఆ మాటలతోనే చీరలమ్మాడు పాపం, ఏ ఒక్క ఆడమనిషీ నవ్వలేదు.

షాపువాళ్లకు మాట తీరు నేర్పడానికి ఎదురు సందులోని కోచింగ్ సెంటర్ నుంచి వచ్చిన సింధూర మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆవిడ వెనక బోర్డు మీద 'అందరినీ కలుపుకుపోవడమే నాయకత్వం' అని ఉంది. రాసిందీ ఆవిడే.

"సాయినాథ్ గారూ, ఏమీ అనుకోకండి. ఆ యాస కింద మెట్ల దగ్గర చెప్పులతో పాటు వదిలేసి రావాలి."

"ఎట్ల మేడమ్, పుట్టినకాడ్నుంచి గదే గద."

"ఎట్ల కాదు, ఎలా."

మళ్లీ నవ్వులు. షాపు యజమాని పట్టాభి వెనక కుర్చీలోంచి లేచాడు.

"శ్రీకర్, సాయినాథ్, క్లాసులు అయ్యాక మీ ఇద్దరిలో ఒకళ్లు ఫ్లోర్ ఇన్‌చార్జి. రెండోవాడు ఎల్బీనగర్ గోడౌన్‌కి. మూటలు దించడానికీ మనిషి కావాలిగా మరి."

సాయినాథ్ చెయ్యి తెలియకుండానే నడుం మీదికి పోయింది. ఆ నడుం చీరల కట్ట ఎత్తితేనే పట్టేస్తుంది. లారీ మూట ఎత్తితే ఇంకేమైనా ఉందా.

ఇంక చూడండి అతని అవస్థ. షేర్ ఆటోలో కూర్చుని పెదాలు కదుపుతూ 'చెప్పండి, కూర్చోండి' అని వల్లె వేసేవాడు. పక్కవాళ్లు పిచ్చేమో అని జరిగి కూర్చునేవారు. తుర్కయంజాల్‌లో ఇంటికి చేరి తల్లితోనూ అదే వరస.

"అమ్మా, అన్నం పెట్టండి."

ముత్తమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏంది బిడ్డా, నన్ను గూడ అండీ అంటున్నవ్. నీకు నేను పరాయిదాన్నయితినా?"

"మీరు కొన్నాళ్లు మాట్లాడకండమ్మా. మీ మాటలు వింటే మళ్లీ నాకు అంటుకుంటాయి."

ఆ పూట నుంచి ముత్తమ్మ కొడుకు ముందు నోరు విప్పలేదు. కంచం పెట్టడం, తీయడం, అంతే. సాయినాథ్‌కు మాత్రం మాట నున్నగా తిరిగింది. సింధూర మేడమ్ చేత చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

ఆఖరి క్లాసు రోజున తెలంగాణ బంద్. పట్టాభి షట్టర్ సగం దించి క్లాసు పెట్టాడు. పావుగంట కాకముందే కింద షట్టర్ దడదడలాడింది.

"బంద్ అంటే దుకాణం తెరుస్తరా? బయటికి రాండ్రి."

పట్టాభి మొహాన నెత్తురు చుక్క లేదు. "సాయినాథ్, ఇదే నీ పరీక్ష అనుకో. మీవాళ్లేగా, వెళ్లి మాట్లాడు."

సాయినాథ్ షట్టర్ కింద నుంచి వంగి బయటికి వెళ్లాడు. జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు చుట్టూ మూగారు. ఆ భయంలో అన్నాళ్లూ రుబ్బిన మాటలే నోట్లోంచి వరసగా వచ్చేశాయి.

"దయచేసి శాంతించండి. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ. నేనూ తెలంగాణవాణ్ణేనండీ. మాది నల్గొండండీ."

"నల్గొండోడు గిట్ల మాట్లాడ్తడారా? మనల్నే ఎక్కిరిస్తుండు వీడు."

చెంప పేలిపోయింది. పెదవి చిట్లింది. రెండో దెబ్బ పడేలోగా శ్రీకర్ బయటికి దూకాడు.

"ఏందన్నా, గీ ఆంధ్రోని మాటలకు పరేషానైతరా? ఇడిసిపెట్టుర్రి. షట్టర్ నేనేస్తున్న గద. జర ఓపిక వట్టుర్రి."

గొంతు, తల ఊపు, అన్నీ సాయినాథ్‌వే. కుర్రాళ్లు శ్రీకర్ భుజం తట్టారు. "మనోడున్నడురా లోపల" అనుకుంటూ పక్క వీధికి మళ్లారు.

పట్టాభి శ్రీకర్‌ను కౌగిలించుకున్నాడు. "రోజులు మారుతున్నాయి. ముందు నిలబెట్టడానికి ఇలాంటివాడే కావాలి."

"ఎదుటివాళ్ల భాషలో మాట్లాడటం. నేను చెప్పింది ఇదే కదండీ" అంది సింధూర మేడమ్.

మరునాడు శ్రీకర్ జేబు మీద ఇన్‌చార్జి బిళ్ల మెరుస్తోంది. సాయినాథ్‌ను పిలిచి గోడౌన్ తాళంచెవులు చేతిలో పెట్టాడు.

"ఏందన్నా గట్ల సూస్తున్నవ్? లారీ ఒచ్చిందంట, జర జల్ది పో."

తన గొంతే. తన మాటే. సాయినాథ్ దానికి జవాబు చెప్పాలని వాచిన పెదవి విప్పాడు. తల్లి మాట ఒక్కటి దొరుకుతుందేమోనని నోరంతా వెతుక్కున్నాడు.

"అలాగేనండీ" అన్నాడు.