మాస్టారి వీపు

ఎగ్జిమా ఉన్నవాళ్ళు నిద్రలో ఎంతగా గోక్కుంటారో కొలిచే ల్యాబు అది. రాత్రి రెండు దాటాక టెక్నీషియనమ్మ ఒక్కతే మేలుకుని ఉంది. అద్దం అవతలి గదిలో, రిటైరైన లెక్కల మాస్టారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. చేతుల కదలికను కొలవడానికి ఆయన మణికట్లకు కట్టిన బ్యాండ్లు సున్నా చూపిస్తున్నాయి. ఆమె హెడ్‌ఫోన్లలో మాత్రం గోకుతున్న చప్పుడు వినిపిస్తోంది, తీరిగ్గా, ఆగి ఆగి.

మైకు పాడైందేమో చూద్దామని లోపలికి వెళ్ళింది. చప్పుడు అక్కడా ఉంది. మాస్టారి చేతులు రెండూ దిండు కింద ఉన్నాయి.

"హాయిగా ఉందమ్మా," అన్నారాయన కళ్ళు తెరవకుండానే. "ఇంకాస్త కిందికి."

"నేను చెయ్యి వెయ్యలేదు మాస్టారూ."

"ఎవరైతేనేం, ఆపమనకు," అన్నారాయన మెల్లగా. "నాలుగు నెలల తరవాత ఇవాళే కంటికి కునుకు పట్టింది."

ఆమెకు పారిపోదామనిపించింది గానీ, ఏమిటో చూడాలన్న ఆరాటం అంతకంటే గట్టిగా లాగింది. ఆయన చొక్కా పైకెత్తి టార్చి వేసింది. వీపు నడుమ, ఆయన చెయ్యి అందని చోట, నాలుగు ఎర్రటి గీతలున్నాయి. ఇంకా దగ్గరికి వంగింది. ఆమె కళ్ళ ముందే ఆ నాలుగూ ఒక్కసారిగా కదిలి, ఆయన అడిగినట్టే, ఇంకాస్త కిందికి సాగాయి.