సోయి లేని పిల్ల

"ఈ మందు సుత పనిచేస్తలేదు మేడం" అంది వనిత.

పంజాగుట్టలో మెట్రో స్టేషన్ వెనక సందులో ఉంది ఆ క్లినిక్. సైకియాట్రిస్ట్ డాక్టర్ మంజూష కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. డోసు పెంచి నెల దాటింది. అయినా మార్పు లేదంటే ఎందుకో ఆమెకూ అంతుపట్టడం లేదు.

"రోజూ వేసుకుంటున్నారా? మధ్యలో మానేయడం ఏమైనా..."

జవాబు వనిత తల్లి చిలకమ్మ చెప్పింది. "నా చేతులతోనే ఇస్తున్న మేడం. ఒక్కదినం సుత తప్పలే."

ఆ మాట నిజం. అంత శ్రద్ధగా బిడ్డను కనిపెట్టుకుని ఉండే తల్లులు తక్కువ.

వనిత అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆమె చెప్పడం మొదలుపెడితే పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. చిక్కల్లా ఒక్కటే. ఏ పాఠం మొదలుపెట్టిందో దాన్ని ముగించదు. ఒక దాంట్లో మునిగి ఇంకెక్కడో తేలుతుంది. స్నానానికి వెళ్లి, పొద్దున క్లాసు ఉందన్న సంగతే మరిచిపోతుంది. మెట్రోలో గొడుగులు, ఆటోల్లో ఫోన్లు, టిఫిన్ బాక్సులు, తాళంచెవులు. ఆమె పోగొట్టుకున్నవన్నీ పోగేస్తే ఒక దుకాణం తెరవొచ్చు.

ఊహ తెలిసినప్పటి నుంచి లోకం ఆమెకు పెట్టిన పేరు ఒకటే, సోయి లేని పిల్ల. బళ్లో టీచర్లు అన్నారు. పెళ్లయ్యాక అత్తగారు అంది. మూడేళ్లు ఓపిక పట్టిన మొగుడు కూడా చివరికి అదే మాట అని చేతులు దులుపుకున్నాడు. ఆ తర్వాత వనిత యూసుఫ్‌గూడలో తల్లి దగ్గరికి వచ్చేసింది.

ముప్పై ఆరో ఏట మంజూష ఆమెకు ఇంకో పేరు చెప్పింది. ఏడీహెచ్‌డీ, ధ్యాసను ఒకచోట నిలవనివ్వని సమస్య.

"ఇది మీ గుణం కాదండీ, మీ మెదడు పనిచేసే తీరు. చిన్నప్పుడే పట్టుకోవాల్సింది. అల్లరి చేసే మగపిల్లాడైతే ఎవరో ఒకరు తీసుకొచ్చేవారు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే ఆడపిల్లను ఎవరు పట్టించుకుంటారు?"

ఆ రోజు వనిత క్లినిక్ మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. సంతోషంతోనే. తప్పు నీది కాదని అంతవరకూ ఎవరు చెప్పారు గనక?

మందు మొదలైన కొత్తలో బతుకు దారిలో పడినట్టే కనిపించింది. పాలు పొంగకముందే స్టవ్ కట్టేసేది. పాఠం గంట కొట్టేలోపు ముగిసేది. కాకపోతే మరపు మనిషికి మందు గుర్తుండాలి కదా. ఒక పొద్దు వేసుకునేది కాదు, ఇంకో పొద్దు రెండు మింగేది. అది చూసి చిలకమ్మ మాత్రలన్నీ తన దగ్గర పెట్టుకుంది.

"నీకు యాదుండదు బిడ్డా. ఇగ నేనే ఇస్త. నువ్వు ఫికర్ చేయకు."

అప్పటి నుంచి పొద్దున్నే వనిత తల దువ్వుకుంటుంటే, అరచేతిలో మాత్ర, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసుతో వచ్చి నిలబడేది. మింగేదాకా కదిలేది కాదు. జ్వరం వచ్చిన రోజున కూడా గోడ పట్టుకుని వచ్చింది.

అయినా లాభం లేకపోయింది. అన్నీ మళ్లీ మొదటికొచ్చాయి. డాక్టర్ చెప్పినట్టు ఫోన్‌లో అలారాలు పెట్టుకుంది. అవి మోగితే ఆపేసి, ఎందుకు మోగాయో మరిచిపోయేది. తలుపుకు కాగితాలు అంటించుకుంది. వాటిని చూడటం మరిచిపోయేది. సెంటర్‌లో ఒక్కో బ్యాచ్ చేజారి, పొద్దుటి బ్యాచ్ ఒక్కటే మిగిలింది.

"మందు మార్చి చూద్దాం" అంది మంజూష. "కొందరికి ఒకటి పడకపోతే ఇంకొకటి..."

"వద్దు మేడం." వనిత గొంతులో ఏడుపు కూడా లేదు. "జబ్బయితే మందుకు తగ్గేది. తగ్గలేదంటే ఇది జబ్బు కాదు. నేనే గిట్ల. అందరూ చెప్తనే ఉన్నరు, నేనే ఇనలే."

డాక్టర్ ఇంకేదో చెప్పబోయింది. వనిత అప్పటికే లేచి నిలబడింది.

అమీర్‌పేట స్టేషన్‌లో రైలు మారుతుండగా ఫోన్ మోగింది. సెంటర్ నడిపే తారక్. ఈ పొద్దు క్లాసుకు రానని అతనికి ముందే చెప్పాలనుకుంది వనిత. మరిచిపోయింది.

"పిల్లలు గంటసేపు కూసొని పోయిండ్రక్కా" అన్నాడు తారక్ మెత్తగానే. "నాతోని ఇగ కాదు. రేపటిసంది వేరేటాయన చెప్తడు. ఏమనుకోకు."

యూసుఫ్‌గూడ వెళ్లే రైలు వచ్చింది, పోయింది. వనిత ఎక్కలేదు. జనం ఆమెను తోసుకుంటూ పోతున్నారు. చిలకమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకొచ్చింది.

"ఇగ నాకు ఆ మాత్రలు వద్దమ్మా."

"అట్లనకు బిడ్డా. ఇంకొక్క నెల మింగు. నా కోసం."

వనిత తల్లి మొహంలోకి చూసింది. ఇన్నేళ్లలో తనను సోయి లేనిదని ఒక్కసారి కూడా అనని మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. కాదనలేక తల ఊపింది.

ఇంటికి రాగానే వనిత గోడ వైపు తిరిగి పడుకుంది.

చిలకమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసి, రేపటి గొట్టం మాత్రను రెండుగా విప్పి, లోపలి మందును ఎప్పటిలాగే సింకులో పోసి, పిచ్చోళ్ల మందు నా బిడ్డ ఒంట్లోకి పోకుండా కాపాడు తల్లీ అని మొక్కుకుంటూ, బల్కంపేట ఎల్లమ్మ గుడి పసుపుతో దాన్ని నింపింది.