పేరంటాలి చీర

“ఏమనుకోకు దమయంతీ. చచ్చిపోయిన మనిషికి పెట్టిన చీర నేను కట్టుకోలేను. మా అత్తగారు కూడా వద్దంటున్నారు,” అని సుధామయి ఫోన్ పెట్టేసింది.

దమయంతి సోఫాలో కూలబడింది. రేపు రెండో కూతురు విద్య పెళ్లి. ఆ ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్లయినా ముందురోజు ఇంటి దేవత పేరంటాలికి పసుపు చీర పెట్టాలి. ఆ చీరను ఒక పెద్ద ముత్తయిదువ కట్టుకుని, పేరంటాలి పేరున విస్తరి ముందు కూర్చుని భోంచేసి, “నాకు ఈ ఇంటి మీద కోపం లేదు” అని అక్షింతలు వేయాలి. ఊళ్లో అయితే నేనంటే నేనని వస్తారు. కెనడాలో, ఈ స్కార్‌బరోలో మాత్రం అడిగినవాళ్లందరికీ ఉన్నట్టుండి ఏదో ఒక పని తగిలింది. దేవతకు దండం పెట్టమంటే కార్లు వేసుకుని మరీ వస్తారు గానీ, దేవతగా కూర్చోమంటే ఎవరికీ తీరిక ఉండదు.

“వదిలెయ్యి. ఇండియా వెళ్లినప్పుడు గుళ్లోనే ఇచ్చేద్దాం,” అన్నాడు ఆమె భర్త ఆంజనేయప్రసాద్.

“పెద్దదాని పెళ్లప్పుడూ ఇదే మాటన్నారు. నేనూ సరే అన్నాను. ఏడాది తిరక్కుండా అల్లుణ్ణి హైవే మీద పోగొట్టుకున్నాం.”

ఆ రోజు స్నో పడిందనీ, ట్రక్కు స్కిడ్ అయిందనీ పోలీసులు చెప్పిన సంగతి ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ప్రసాద్ గడ్డం గోక్కుని, “పై ఫ్లోర్ శాంతగార్ని అడిగి చూడు. నర్సుగా చేసి రిటైరయ్యారు, ఆవిడకి ఇలాంటి పట్టింపులుండవు. భర్త కూడా ఉన్నారు,” అన్నాడు.

శాంతగారు వాళ్లకు లిఫ్టులో పరిచయం. డెబ్బై దాటినా చురుకైన మనిషి. ఎక్కడివాళ్లో, ఎవరి తాలూకో ఒకరినొకరు ఎప్పుడూ అడగలేదు. దమయంతి విషయం చెప్పగానే ఆవిడ నవ్వేశారు.

“చీరా, భోజనమూ రెండూనా? తప్పకుండా వస్తానమ్మా. ఒక్కపూటైనా మా ఆయన వంట తప్పుతుంది.”

శాంతగారు దమయంతి ఇచ్చిన పసుపు చీర కట్టుకునే కిందికి దిగి వచ్చారు. దమయంతి ఆవిడ కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టింది. విస్తట్లో చలిమిడి, పులిహోర, గారెలు వడ్డించింది. ఎదురుగా పీట మీద పేరంటాలి ఫొటో పెట్టింది. గుళ్లో విగ్రహానికి తీసిన ఫొటో అది. వెండి కళ్లు, పసుపు పూసిన ముఖం, మెడలో నిమ్మకాయల దండ.

“ఎవరమ్మా ఈ తల్లి? నేనెప్పుడూ చూళ్లేదు,” అన్నారు శాంతగారు గారె తుంచుతూ.

“మా వారికి పెద్దమ్మ అవుతుందండీ. కోనగట్టులో, కాలవ పక్కన ఉంది గుడి.”

ఆవిడ చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

“షుగర్ ఉందా అండీ? ఇబ్బందైతే కొంచెమే తినండి,” అన్నాడు ప్రసాద్.

“అదేం లేదు బాబూ. మీ పెద్దమ్మ పేరేమిటి?”

“ఆవిడ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదండీ. పేరంటాలనే అనేవాళ్లు. నాకప్పుడు రెండేళ్లట. మా నాయనమ్మ పెట్టే ఆరళ్లు పడలేక కాలవలో దూకేసిందట. గట్టు మీద గాజులు, మట్టెలు దొరికాయి గానీ మనిషి దొరకలేదు. ఆ తర్వాత నాయనమ్మ మంచాన పడింది, గొడ్లు చచ్చిపోయాయి. పెద్దమ్మే పగబట్టిందని భయపడి గుడి కట్టించారు. ఇప్పుడు ఊరందరికీ ఆవిడే దేవత.”

“ఈ గారెలు ఎందుకు పెడతారు?”

“ఆవిడకి గారెలంటే ప్రాణమటండీ. మా అత్తగారు మరీ మరీ చెప్పేవారు,” అంది దమయంతి.

“బతికుండగా ఎప్పుడైనా పెట్టారటమ్మా?”

దమయంతి విస్తట్లో ఇంకో గారె వేసింది. శాంతగారు తల వంచుకుని నెమ్మదిగా తిన్నారు. గారె ఒక్క తునక కూడా వదల్లేదు.

చేతులు కడిగించి, దమయంతి అక్షింతల పళ్లెం ముందుకు జరిపింది. “ఇక ఆ మాట అనండి.”

శాంతగారు ఫొటో వంక చూస్తూ కూర్చున్నారు. ఆ మాట రాలేదు. ప్రసాద్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“మీకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదని తెలుసు. ఊరికే పైపైన అనండి చాలు,” అని బతిమాలింది దమయంతి. “ఆ మాట చెవిన పడకపోతే రేపు నేను పెళ్లి మంటపంలో నిలబడలేను.”

ఆవిడ గుప్పెట్లోకి అక్షింతలు తీసుకున్నారు. ఒకసారి నోరు తెరిచి మళ్లీ మూశారు. చివరికి అన్నారు.

“నాకు ఈ ఇంటి మీద కోపం లేదు.”

అక్షింతలు నెత్తిన పడగానే దమయంతి ఆవిడ కాళ్ల మీద వాలిపోయింది. ఎదురుగా ఉన్నది పై ఫ్లోర్ శాంతగారన్న సంగతి కూడా ఆమెకు గుర్తులేదు.

“మరి మా పెద్దల్లుణ్ణి ఎందుకు తీసుకుపోయావు తల్లీ? చీర పెట్టనిది నేను కదా. నన్ను తీసుకుపోవలసింది. పచ్చగా ఉన్న పిల్లని అలా చేశావు. దాని ముఖం చూసినప్పుడల్లా నేనే చంపానని కుమిలిపోతున్నాను.”

పెళ్లాన్ని లేవదీయబోయిన ప్రసాద్‌ని శాంతగారు చేత్తో వారించారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే లేచి వెళ్లిపోయినా అడిగేవాళ్లు లేరు. కానీ కాళ్ల మీద ఏడుస్తున్న మనిషిని అలా వదిలి వెళ్లడం ఆవిడ వల్ల కాలేదు. వంగి, దమయంతి గడ్డం పట్టుకుని తల పైకెత్తారు.

“నేను చచ్చిపోతే కదమ్మా, ఒకర్ని తీసుకుపోవడానికి? ఆ తెల్లారుజామున గాజులు, మట్టెలు గట్టు మీద వదిలేసి, నేను వంతెన దాటి బెజవాడ బస్సెక్కాను.”