సేటు బల్ల మీది మైకు

"ఇది ఒత్తితే నా మాట వాళ్లకు ఇనవడదు. పక్కా?" రాజారాం సేటు మళ్లీ అడిగాడు.

"పక్కా, సేట్. ఒత్తంగనే ఎర్ర లైటు వెలుగుతది. అది వెలిగినంత సేపు మీ గొంతు ఈ గది దాటదు," అంది తృప్తి.

సేటు మొహం విప్పారింది. గోడంత తెర, దాని నెత్తిన కెమెరా, బల్ల మీద మైకు, తృప్తి ఇంత సామాను బిగిస్తే ఆయనకు నచ్చింది ఆ ఒక్క మీటే. తృప్తికి ఒళ్లు మండింది. హోట్గి రోడ్‌లో ఈ బంగళాకూ, దాజీ పేట్‌లో ఆయన కార్ఖానాకూ మధ్య ఆటోలో వెళ్తే ఎంతసేపని! ఆ కాస్త దూరానికి ఈ హంగామా ఎందుకంటే, సేటుకు నేతగాళ్ల దగ్గరికి పోవడం రోత. చెమట వాసనట, దూది దుమ్మట, తంబాకు కంపట. తండ్రి ఆ కార్ఖానా షెడ్డులోనే సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపి పైకొచ్చిన మనిషి. కొడుకు మాత్రం అక్కడ ఒక్క పూట నిలబడి ఎరగడు. ఎప్పుడైనా వెళ్లినా గుమ్మం దగ్గరే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తిరిగొచ్చేస్తాడు.

నిజం చెప్పొద్దూ, నిన్న కార్ఖానాలో పని చేస్తుంటే తృప్తికీ రోత పుట్టింది. కేబుల్ లాగాల్సిన గోడ నిండా గుట్కా ఉమ్ములు. నెట్ డబ్బా మూత తీస్తే లోపల ఉండలు కట్టిన దూది, చచ్చిన బొద్దింకలు. అదంతా గీకి పారేసి, కొత్త డబ్బా, అక్కడికో తెర, కెమెరా బిగించి, బొమ్మ మధ్యలో ఆగిపోకుండా వీడియోకు నెట్‌లో వేరే దారి ఇచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పైగా సాంచల మోతకు చెవులు దిమ్మెక్కాయి. అందరిలోకీ పెద్దవాడు మల్లేశం ఆమె అవస్థ చూసి, షెడ్డు ఆ కొసనున్న మనిషి వైపు తిరిగి ఏదో అన్నాడు. కాసేపటికి చాయ్ వచ్చింది. అందులోనూ దూది పోగు తేలుతుంటే వేలితో తీసేసి, కళ్లు మూసుకుని తాగింది.

ఇప్పుడు ఆ షెడ్డే తెర మీద వెలిగింది. సాంచలు ఆపి నేతగాళ్లంతా నేల మీద కూర్చున్నారు, ముందు వరసలో మల్లేశం.

దీపావళి లోపల చద్దర్ల ఆర్డరు పోవాలి, రాత్రి పాళీ కూడా నడపాలి అని సేటు చెప్పాడు. వాళ్లు అడిగింది ఒక్కటే. పండగ తర్వాత కార్ఖానా ఉంటుందా, మూస్తారా? మూసేటట్టయితే ఇప్పుడే ఇంకోచోట చేరాలి. పండగ దాటితే ఎవరూ పనిలో పెట్టుకోరు, పిల్లాజెల్లా పస్తులే.

సేటు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నాయిన పెట్టిన కార్ఖానా ఇది. నా పానం ఉన్నంత దాంక బంద్ గాదు."

ఆ వెంటనే మీట ఒత్తాడు. ఎర్ర లైటు వెలిగింది. కెమెరాకు కనపడకుండా పక్కన కూర్చున్న బామ్మర్ది మహేశ్‌తో, మొహం తెర వైపే పెట్టి, నవ్వు చెదరనీయకుండా చెప్పుకుపోయాడు. సరుకు లారీ ఎక్కిన తెల్లారే తాళం. సాంచలు తుక్కు కింద అమ్మడానికి మాటైపోయింది. ఆ జాగాలో పెళ్లిళ్ల హాలు. అందాకా ఈ గొర్రెలను దువ్వుతూ ఉండాలి.

తృప్తి సేటు మీంచి చూపు తిప్పేసుకుంది.

తెర మీద మల్లేశం చేతులు జోడించాడు. "సేట్, బొమ్మ చిన్నగుంది. మీ మొఖం జర పెద్దగ జెయ్యుమనుండ్రి. మంచిగ చూడాలనుంది."

సేటు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. దర్శనం కావాలట, ఇవ్వు అన్నట్టు తృప్తికి సైగ చేశాడు. ఆమె పళ్లు కొరుక్కుంటూ కెమెరాను జూమ్ చేసింది. పాన్ మరకల పళ్లతో సహా సేటు మొహం షెడ్డులోని తెర నిండా నిండింది. ఎర్ర లైటు అలాగే ఉంచి, లారీ ఎప్పుడు రావాలి, తాళం ఎవరు వెయ్యాలి, గొడవైతే ఎవరికి చెప్పిపెట్టాలి, అన్నీ బామ్మర్దితో తీరిగ్గా తేల్చుకున్నాడు. అంతసేపూ ఆ నేతగాళ్లు రెప్ప కొట్టకుండా ఆయన మొహమే చూస్తూ కూర్చున్నారు. దేవుడి ముందు కూడా అంత భక్తిగా కూర్చోరేమో. ఛీ, ఇంత బానిస బతుకా అని తృప్తికి వాళ్లంటే కూడా ఏవగింపు పుట్టింది.

సేటు మైకు తెరిచి, ఏమంటరని అడిగాడు.

"అర్థమైంది సేట్," అన్నాడు మల్లేశం.

తృప్తి సామాను సర్దుకుంటుంటే సేటు పిలిచి, ఇక్కడి మాట బయటికి పొక్కితే నీ నౌకరీ ఉండదు అన్నాడు. ఆమె తల ఊపింది. ఆటో ఎక్కాక, అలా తల ఊపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంటికి పొమ్మనబోయి, దాజీ పేట్ పొమ్మంది.

కార్ఖానా తలుపుకు లోపల గొలుసు వేసి ఉంది. తట్టితే మల్లేశమే తీశాడు. సాంచలన్నీ ఆగి ఉన్నాయి, తిండి వేళ కాబోలు. నేసిన చద్దర్ల కట్టలు మాత్రం గోడ వార నుంచి గుమ్మానికి అడ్డంగా వచ్చి చేరాయి.

"మామా, నా పేరు చెప్పకు. సేటు మాట నమ్మకుండ్రి. ఎర్ర లైటు వెలిగినప్పుడు ఆయన..." అంటుండగానే మల్లేశం చెయ్యెత్తి ఆపాడు.

"లారీ ఎక్కిన తెల్లారే తాళం. మాకెరుకే," అన్నాడు మల్లేశం మెల్లగా.

తృప్తి నివ్వెరపోయింది. మీకెవరు చెప్పారని అడిగింది.

"సాంచల మోతల బతికెటోళ్లం, మాట మూతి చూసి ఇంటం బిడ్డా."