పేరంటం పిలుపు

“పెరుగు గిన్నె మీద మూత తీసిందెవరు?”

“నేను కాదక్కా.”

“మరి పిల్లి వచ్చి తీసి, తాగి, మర్యాదగా సగం మూసిపెట్టి వెళ్ళిందా?”

శ్రీదుర్గ నవ్వాపుకుంది. ఆ నవ్వుకి కనకమహాలక్ష్మి ఒళ్ళు మండింది. గొడవ మూత గురించి కాదని తోడికోడళ్ళిద్దరికీ తెలుసు.

గొడవంతా శ్రీదుర్గ చేతిలో బుట్ట గురించి. అందులో కుంకుమ భరిణె, పేర్ల జాబితా ఉన్నాయి.

పోయినేడు బందరు నుంచి ఓ ఆసుపత్రి వాళ్ళు పెడనలో రొమ్ము క్యాన్సర్ పరీక్షలు పెట్టారు. ఆటోకి మైకు కట్టి వీధివీధికీ చెప్పించారు. ఆ మాట మైకులో వినపడగానే ఆడవాళ్ళు తలుపులేసుకున్నారు. మూడు రోజులకి వచ్చింది పదకొండు మంది. ఈసారి డ్వాక్రా సంఘాన్ని కలుపుకున్నారు. మీటింగులో శ్రీదుర్గే లేచి చెప్పిందట: “మైకులెందుకు మేడమ్? ఇంటింటికీ వెళ్ళి బొట్టుపెట్టి పిలుద్దాం. పేరంటానికైతే ఎవరు రానంటారు?”

అన్నట్టే అయింది. రెండు రోజులుగా సొసైటీ హాలు దగ్గర ఆడవాళ్ళు బారులు తీరారు.

కనకమహాలక్ష్మి వరండాలో అద్దకం బల్ల దగ్గర నిలబడి అన్నీ చూస్తూనే ఉంది. ఎదురింటి దుర్గాభవాని నుదురు చాపి బొట్టు పెట్టించుకుంది. ఆ పక్కావిడ పట్టుచీర కట్టుకుని మరీ బయల్దేరింది. ఒకప్పుడు ఈ వీధిలో ఏ పేరంటానికైనా తొలి పిలుపు కనకమహాలక్ష్మిదే. శ్రీదుర్గ కాపురానికొచ్చి ఏడాది తిరక్కుండానే ఆ పిలుపులన్నీ ఆమె వైపు మళ్ళాయి. ఇప్పుడు పిలిచే పెత్తనం కూడా ఆమెదే.

చేతిలో అచ్చు పక్కకి జరిగి, గుడ్డ మీద ఆకు వెళ్ళి పువ్వు మీదెక్కింది.

వీధంతా తిరిగిన శ్రీదుర్గ, ఇంట్లో ఉన్న తోడికోడల్ని మాత్రం పిలవలేదు. తన ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే బుట్ట మీద కొంగు కప్పుకుని, తల దించుకుని చకచకా దాటిపోయేది. ఎంత పొగరు!

“మీ చిన్నకోడలికి ఊరంతా కనిపిస్తుంది, ఇంట్లో మనిషి కనపడదు” అంది అత్తగారు చిట్టెమ్మతో.

చిట్టెమ్మ మాట మార్చింది. “రంగు చిక్కబడిందేమో చూడు కనకం.”

కనకమహాలక్ష్మికి కుడి రొమ్ములో, చంక దాపున, శనగగింజంత గడ్డ తగిలి రెండు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది. శ్రీదుర్గ ఒక్కసారి “రా అక్కా” అంటే చేతులు కడుక్కుని వెళ్ళిపోయేది. పిలవని పేరంటానికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

మధ్యాహ్నం దుర్గాభవాని తిరిగొస్తుంటే ఆపింది.

“ఏం చేశారే అక్కడ?”

“ఏముందక్కా, లేడీ డాక్టరే. తెర కట్టారు. ఐదు నిమిషాలు. ఏం లేదన్నారు.”

ఏం లేదన్నారు. దుర్గాభవాని మెడలో కాసులపేరు చూసినప్పుడు కూడా కనకమహాలక్ష్మికి ఇంత అసూయ కలగలేదు.

భోజనాల దగ్గర మామగారు మల్లికార్జునరావు అడిగాడు. “మొత్తం ఎంతమంది వచ్చారమ్మా?”

“నూట యాభైకి నూటముప్పై నాలుగు, మావయ్యగారూ!” శ్రీదుర్గ మొహం వెలిగిపోతోంది. “ఇలాంటి వార్డు ఎక్కడా చూళ్ళేదని నర్సు కృపాకుమారి గారు ఒకటే పొగడటం. రేపటితో ఆఖరు.”

“ఆ పదహారు మందికేం? భయమా?”

శ్రీదుర్గ పప్పన్నం కలుపుతూ ఆగిపోయింది. “భయమని కాదండీ... వాళ్ళిళ్ళకి నేనే వెళ్ళలేదు.”

“అదేం?”

చిట్టెమ్మ అడక్కుండానే ఆయన విస్తట్లో పచ్చడి వడ్డించింది.

కనకమహాలక్ష్మి ఎడమచేత్తో బుట్టలోంచి జాబితా లాగింది. టిక్కు పడని పేర్లు ఒక్కొక్కటే చదివింది. సత్యవతమ్మ. మిల్లు వెనక రమణ. రంగులు కాచే అంకమ్మ. తొమ్మిదోది తన పేరు. మళ్ళీ మొదట్నుంచి చదివింది. తలెత్తి చూస్తే శ్రీదుర్గ కళ్ళలో నీళ్ళున్నాయి. అది పొగరు కాదు.

కాగితం మడిచి పక్కన పెట్టుకుంది.

“ఈ పదహారుమందిమీ మొగుడు పోయినవాళ్ళమే మావయ్యగారూ, మాకు బొట్టు పెట్టే పనెలాగూ లేదు కాబట్టి రేపు పొద్దున్నే అందర్నీ నేను పిలుచుకుని, ముందు నేనే పరీక్షకి వెళ్తున్నాను.”