ఎర్రమ్మ రాగం

దుమ్ముగూడెం దగ్గరి పల్లెలో, వాకిట్లో పడుకోబెట్టిన మొగుడి శవం మీద పడి ఎర్రమ్మ రాగం తీసింది.

"తునికాకు కోయబోతే నాకు తోడెవరొస్తరో, నా దొరో..."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే వాకిలంతా నవ్వింది.

ఎర్రమ్మ ఆగిపోయి, హైదరాబాద్ నుంచి అప్పుడే దిగిన కొడుకు, టీవీ కమెడియన్ రవీందర్‌ను అడిగింది. "ఎందుకు నవ్వుతుండ్రు బిడ్డా?"



నవ్వి నవ్వి తడిసిన కళ్లు తుడుచుకుంటూ పక్కింటామె చెప్పింది. "రవీందర్ చీర కట్టుకొని టీవీల అచ్చం గిట్లనే ఏడుస్తడు వదినా. గదే గదా ఆయన ఫేమస్ కామెడీ!"

తనకు టీవీ కొనిస్తానంటూ కొడుకు ఇన్నేళ్లూ ఎందుకు దాటేశాడో ఎర్రమ్మకు అర్థమైంది.

"అయితే నువ్వే ఏడువు. నీ అయ్యనే గదా," అంది.

రవీందర్ తండ్రి కాళ్లు పట్టుకున్నాడు. కన్నీళ్లు నిజంగానే కారాయి. కానీ నోరు తెరిస్తే టీవీలోని ఆ ఆడగొంతే వచ్చింది. అతనికి ఇంకో ఏడుపు రాదు.

ఎవరో ఈల వేశారు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

ఎర్రమ్మ నోట్లో కొంగు కుక్కుకుని చప్పుడు కాకుండా ఏడ్చింది. దాన్ని మాత్రం ఎవరూ వీడియో తీయలేదు.